రెక్టమ్ క్యాన్సర్: ఆపరేషన్‌కు ముందు కరెంటు ఐదు రోజులా, ఐదు వారాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

బయాప్సీలో రెక్టమ్ క్యాన్సర్ అని తేలిన ఇంట్లో మొదటి వారంలోనే మొదలయ్యే గందరగోళం ఇది. ఒక ఆసుపత్రిలో ఐదు రోజులు కరెంటు, అంటే రేడియేషన్, పెడితే చాలంటారు. రెండో చోట ఇరవై ఎనిమిది సిట్టింగులు, వాటితో పాటు మాత్రలు అంటారు. మూడో చోట ముందు కరెంటు, తర్వాత నాలుగు నెలల కీమో, ఆపరేషన్ సంగతి ఆ పైన చూద్దామంటారు. ముగ్గురు చెప్పిందీ సరైనదే అయ్యే అవకాశం ఉంది. రోజుల లెక్కలోకి దిగేముందు అడగాల్సింది ఒకటుంది: మా మనిషికి ఈ కరెంటు దేనికోసం పెడుతున్నారు? జబ్బు తిరగబెట్టకుండానా, అంచుకు అంటుకున్న గడ్డను వెనక్కి తగ్గించడానికా, ఆపరేషనే తప్పించడానికా? లక్ష్యాన్ని బట్టే పద్ధతి మారుతుంది.

కింద రాసినవన్నీ కాలేయానికో ఊపిరితిత్తులకో పాకని జబ్బుకు వర్తిస్తాయి. పాకి ఉంటే లెక్క వేరు.

ఆపరేషన్‌లో గడ్డ ఎలాగూ తీసేస్తారు కదా, ముందు కరెంటు ఎందుకు?

రెక్టమ్ అంటే పెద్దపేగు చివరి పదిహేను సెంటీమీటర్లు. అది తుంటి ఎముకల మధ్య ఇరుకు గిన్నె లాంటి చోట ఉంటుంది. ముందు మూత్రాశయం, మగవారిలో ప్రోస్టేట్, ఆడవారిలో గర్భసంచి, యోని, వెనక త్రికాస్థి. కడుపులో పేగుకు గడ్డ వస్తే సర్జన్ అటూ ఇటూ ధారాళంగా కోసి తీయగలరు. ఇక్కడ పక్కకు జరగడానికి చోటే లేదు. కంటికి కనిపించని కణాలు నాలుగు మిగిలినా అక్కడే మళ్లీ పుడుతుంది. అలా తిరగబెట్టిన జబ్బు నరాలను నొక్కి పెట్టే నొప్పి మామూలుది కాదు, దానికి రెండో ఆపరేషన్ చేయడమూ కష్టమే.

కరెంటు విలువను గట్టిగా నిరూపించింది స్వీడన్. అక్కడ 1,168 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఆపరేషన్ మాత్రమే చేశారు, రెండో గుంపుకు ముందు ఐదు రోజులు కరెంటు పెట్టి ఆపరేషన్ చేశారు. 1997లో వచ్చిన ఫలితాల ప్రకారం ఐదేళ్లలో అదే చోట తిరగబెట్టడం నూటికి 27 నుంచి 11కి పడిపోయింది. బతికినవాళ్ల సంఖ్య కూడా 48 నుంచి 58కి పెరిగింది.

ఆ తర్వాత ఆపరేషన్ పద్ధతే మెరుగుపడింది. రెక్టమ్‌ను దాని చుట్టూ ఉన్న కొవ్వు సంచితో సహా, పొర చెదరకుండా ఒకే ముద్దగా తీసే టీఎంఈ పద్ధతి వచ్చింది. అంత శుభ్రంగా తీశాక కూడా కరెంటు అవసరమా అని నెదర్లాండ్స్ వైద్యులు 1,861 మందితో పరీక్షించారు. రెండేళ్లకు తిరగబెట్టినది కరెంటు పెట్టిన వారిలో నూటికి 2.4, పెట్టని వారిలో 8.2. కానీ మొత్తం ఆయుష్షులో తేడా రాలేదు. ఈ చివరి వాక్యం గుర్తుంచుకోండి, కరెంటు అందరికీ తప్పనిసరి కాదని డాక్టర్లు అనడానికి మూలం అక్కడే ఉంది.

ఆపరేషన్ అయ్యాక పెట్టించుకుంటే కాదా? గడ్డను ముందు తీసేయాలని ఇంట్లో తొందరగా ఉంది.

తొందర సహజమే. కానీ జర్మనీలో 823 మందితో ఇదే ప్రశ్నకు జవాబు వెతికారు, 2004లో ఫలితాలు ప్రచురించారు. కీమోతో కలిపి కరెంటు ముందు పెడితే ఐదేళ్లకు తిరగబెట్టింది నూటికి ఆరుగురిలో, తర్వాత పెడితే పదమూడు మందిలో. తీవ్రమైన ఇబ్బందులు ముందు పెట్టినవారిలో 27 శాతం, తర్వాత పెట్టినవారిలో 40 శాతం. ఆపరేషన్ తర్వాత ఆ ఖాళీలోకి చిన్నపేగు జారి కూర్చుంటుంది, కరెంటు దాని మీదా పడుతుంది. పైగా కొత్తగా కుట్టిన పేగుకు కూడా అదే కరెంటు. ముందు పెట్టడమే మేలన్న సంగతి అప్పటితో తేలిపోయింది.

అసలు ఏయే పద్ధతులున్నాయి?

మూలం రెండే. షార్ట్ కోర్సులో రోజుకు 5 గ్రే (కరెంటు మోతాదును కొలిచే ప్రమాణం) చొప్పున ఐదు రోజులు, మొత్తం 25 గ్రే. దీనితో కీమో ఇవ్వరు. లాంగ్ కోర్సులో రోజుకు 1.8 లేదా 2 గ్రే చొప్పున వారానికి ఐదు రోజులు, 25 నుంచి 28 సిట్టింగులు, మొత్తం 45 నుంచి 50.4 గ్రే. దీనితో పాటు కరెంటు ఉన్న రోజుల్లో కేపసైటబిన్ మాత్రలు రెండు పూటలా వేసుకోవాలి, లేదా 5-ఎఫ్‌యూ సెలైన్ ఎక్కించుకోవాలి. ఈ మందు క్యాన్సర్ కణాలను కరెంటుకు మరింత లొంగేలా చేస్తుంది.

ఈ రెండింట్లో దేనికైనా ముందో వెనకో పూర్తి స్థాయి కీమో జోడించి, ఆపరేషన్‌కు ముందే మందులన్నీ ముగించేదాన్ని టీఎన్‌టీ అంటున్నారు. ఈ పదేళ్లలో పెద్ద మార్పు ఇదే.

25 అంటే 50లో సగం. సగం వైద్యం చేసి పంపేస్తున్నారా?

లేదు. కరెంటు ప్రభావం మొత్తం గ్రేల మీదే ఆధారపడదు, ఒక్కో దెబ్బ ఎంత పెద్దదన్నదీ ముఖ్యం. రోజుకు 5 గ్రే అంటే మామూలు రోజువారీ మోతాదుకు రెండున్నర రెట్ల పైనే. డాక్టర్లు వాడే లెక్కలో గడ్డ మీద ప్రభావం కడితే షార్ట్ కోర్సుకు 37.5, లాంగ్ కోర్సుకు 59.5 దాకా వస్తుంది. అంటే షార్ట్ కోర్సు కాస్త తక్కువే కానీ సగం కాదు. లాంగ్ కోర్సులో కాలం సాగేకొద్దీ గడ్డ కణాలు మళ్లీ పెరగడానికి వ్యవధి దొరుకుతుంది కాబట్టి కాగితం మీద కనిపించే తేడాలో కొంత అక్కడే కరిగిపోతుంది.

అదే లెక్కను ఏళ్ల తర్వాత దెబ్బతినే మామూలు కణజాలానికి కడితే 66.7, 80.6. షార్ట్ కోర్సులో రోజూ పెద్ద మోతాదు పడుతుంది కాబట్టి తర్వాత ఇబ్బందులు విపరీతంగా ఉంటాయన్న భయం చాలామందికి ఉంది, ఈ అంకెలు దాన్ని బలపరచవు.

రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చారా? ఏది గెలిచింది?

పోల్చారు. తిరగబెట్టడం విషయంలో ఆ పాత పరీక్షలు ఏదీ గెలవలేదనే చెప్పాయి. అయితే లోపల ఉన్న వివరాలు చూడాలి.

పోలండ్‌లో సుమారు 312 మంది మీద చేశారు. లాంగ్ కోర్సు తర్వాత ఆపరేషన్ చేసి చూస్తే నూటికి 16 మందిలో గడ్డ ఆనవాలే లేదు. షార్ట్ కోర్సు పెట్టి వెంటనే ఆపరేషన్ చేసినవారిలో అలా పూర్తిగా కరిగింది నూటికి ఒక్కరిలోనే. మరి లాంగ్ కోర్సువారికే మలద్వారం ఎక్కువగా నిలిచి ఉండాలి కదా? నిలవలేదు, తేడా రాలేదు. తిరగబెట్టడంలోనూ లెక్కకొచ్చే తేడా లేదు. కరెంటు సమయంలోని తీవ్ర ఇబ్బందులు మాత్రం లాంగ్ కోర్సులో 18 శాతం, షార్ట్ కోర్సులో 3 శాతం.

ఇక్కడ ఒక మెలిక ఉంది. గడ్డ కరగడానికి వారాలు పడుతుంది. ఐదు రోజులు కరెంటు పెట్టి వారంలోపే కోసి తీస్తే కరిగే వ్యవధి ఎక్కడిది? ఆ ఒక్క శాతం అంకెకు కారణం మోతాదు తక్కువ కావడం కన్నా ఆగకపోవడమే అని తర్వాతి పరీక్షల్లో తెలిసింది.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 326 మంది మీద చేసిన దాంట్లో మూడేళ్లకు తిరగబెట్టింది షార్ట్ కోర్సులో 7.5 శాతం, లాంగ్ కోర్సులో 4.4. గణాంకపరంగా ఇది తేడా కిందికి రాదు. కానీ మలద్వారానికి బాగా దగ్గరగా ఉన్న గడ్డల్లో షార్ట్ కోర్సువారు 48 మందిలో ఆరుగురికి, లాంగ్ కోర్సువారు 31 మందిలో ఒక్కరికి తిరగబెట్టింది. ఇంత చిన్న గుంపును బట్టి తీర్పు చెప్పలేం. అయినా బాగా కింద ఉన్న గడ్డ అనగానే చాలామంది రేడియేషన్ డాక్టర్ల చెయ్యి లాంగ్ కోర్సు వైపు వెళ్లడానికి ఇలాంటి అంకెలు ఒక కారణం.

షార్ట్ కోర్సు పెట్టాక ఆపరేషన్ వెంటనేనా, ఆగాలా?

రెండూ చేయొచ్చు. స్టాక్‌హోం పేరుతో జరిగిన మూడో పరీక్షలో 840 మందిని పోల్చి, నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఆగినా జబ్బు విషయంలో నష్టం లేదని తేల్చారు. ఆపరేషన్ తర్వాతి చిక్కులు వెంటనే చేసినవారిలో 53 శాతమైతే ఆగినవారిలో 41 శాతం. అయితే ఆగే ఆ వారాల్లో కొందరికి, నూటికి ఏడుగురి దాకా, విరేచనాల లాంటి ఇబ్బందులు ముదిరాయి. కరెంటు అయిపోయింది కదా అని ఊరెళ్లిపోయినవారికి రెండో వారంలో ఇవి మొదలైతే కంగారు పడతారు. డాక్టరు ఫోన్ నంబరు దగ్గర పెట్టుకుని వెళ్లండి.

టీఎన్‌టీ వల్ల అదనంగా ఒరిగేదేమిటి?

రెక్టమ్ క్యాన్సర్‌తో చనిపోయేవారిలో ఎక్కువమందిని బలిగొనేది అదే చోట తిరగబెట్టిన గడ్డ కాదు, కాలేయంలో, ఊపిరితిత్తుల్లో తేలిన జబ్బు. దానికి మందు కీమో. ఆపరేషన్ తర్వాత కీమో అంటే మనిషి నీరసపడిపోయి ఉంటాడు, పొట్ట మీద మలం పడే బ్యాగుతో ఉంటాడు, సగంలో ఆపేసేవారే ఎక్కువ. అందుకే కీమోను ముందుకు జరిపారు.

దీనికి రెండు పెద్ద ఆధారాలున్నాయి. మొదటిది రాపిడో. నెదర్లాండ్స్, స్వీడన్ వైద్యులు ముందుండి నడిపిన ఈ పరీక్షలో 900కు పైగా రోగులున్నారు. ముదిరిన గడ్డలకు షార్ట్ కోర్సు పెట్టి, పద్దెనిమిది వారాలు కీమో ఇచ్చి, ఆపరేషన్ చేశారు. పాత పద్ధతిలో, అంటే లాంగ్ కోర్సు పెట్టి ఆపరేషన్ చేసినప్పుడు, నూటికి 14 మందిలో గడ్డ పూర్తిగా కరిగితే, ఈ పద్ధతిలో 28 మందిలో కరిగింది. మూడేళ్లకు దూరంగా పాకిన జబ్బు 27 నుంచి 20 శాతానికి తగ్గింది. 2021లో ఈ ఫలితం వచ్చినప్పుడు ఇక లాంగ్ కోర్సు పని అయిపోయిందన్నారు.

ఐదేళ్ల లెక్క వచ్చేసరికి స్వరం మారింది. అదే చోట తిరగబెట్టడం కొత్త పద్ధతిలో 10 శాతం, పాత పద్ధతిలో 6 శాతం. దూరంగా పాకడం తగ్గిన లాభం మిగిలే ఉంది, కానీ దగ్గరి కాపలా కాస్త సడలింది. గడ్డ అంచుకు అంటుకుని ఉన్నవారికి, తుంటి పక్క గోడల దగ్గర లింఫ్ గ్రంథులు ఉబ్బినవారికి షార్ట్ కోర్సుతో టీఎన్‌టీ అన్నప్పుడు ఈ అంకెను డాక్టరు ముందు పెట్టి అడగడంలో తప్పులేదు.

రెండోది ఫ్రాన్స్‌లో జరిగిన ప్రోడీజ్ 23. ఇందులో 461 మంది. ముందు మూడు మందులు కలిసిన గట్టి కీమో ఆరు సార్లు, తర్వాత లాంగ్ కోర్సు, తర్వాత ఆపరేషన్. మూడేళ్లకు జబ్బు లేకుండా ఉన్నవారు 69 నుంచి 76 శాతానికి పెరిగారు, ఏడేళ్ల లెక్కలో ఆయుష్షు కూడా పెరిగింది. కాకపోతే ఆ కీమో తట్టుకోవాలంటే ఒంట్లో సత్తువ ఉండాలి. డెబ్బై దాటి, షుగరు, గుండె జబ్బు ఉన్న మనిషికి ఇది పొసగదు.

నా అభిప్రాయం అడిగితే, టీఎన్‌టీని అందరికీ ఒకే కొలతతో కుట్టడం ఇప్పుడు ఎక్కువైపోయింది. మధ్యస్థంగా ఉన్న గడ్డకు కూడా నాలుగు నెలల కీమో రాసేస్తున్నారు. ఎంఆర్ఐలో ప్రమాద సూచనలు లేని వ్యక్తికి అంత అవసరమా అని నిలదీసి అడగాలి.

ఎంఆర్ఐ రిపోర్టులో మేం ఏం చూడాలి?

నాలుగు సంగతులు. రిపోర్టులో ఇవి లేకపోతే రాయించి తెచ్చుకోండి.

గడ్డ కింది అంచు మలద్వారం నుంచి ఎన్ని సెంటీమీటర్లు? గడ్డ పేగు గోడలో ఎంత లోతుకు వెళ్లింది, టీ2నా, టీ3నా, అన్నిటికన్నా ముదిరిన టీ4నా, టీ3 అయితే గోడ దాటి ఎన్ని మిల్లీమీటర్లు బయటికి వెళ్లింది? సీఆర్ఎం, అంటే సర్జన్ కోసే గీతకు గడ్డ ఎంత దూరంలో ఉంది? ఈఎంవీఐ, అంటే పేగు బయటి రక్తనాళాల్లోకి గడ్డ పాకిందా?

వీటిలో సీఆర్ఎం రాజు లాంటిది. "సీఆర్ఎంకు దూరం 6 మి.మీ." అని ఉన్న మనిషి, "సీఆర్ఎం 0.5 మి.మీ., ప్రమాదంలో ఉంది" అని ఉన్న మనిషి ఇద్దరూ మూడో దశే కావచ్చు, గడ్డ సైజు కూడా ఒకటే కావచ్చు. మొదటివారికి షార్ట్ కోర్సు హాయిగా సరిపోవచ్చు. రెండోవారికి గడ్డ వెనక్కి తగ్గడమే అసలు పని, కాబట్టి తగినంత కాలం ఆగే పద్ధతి కావాలి. ఒక మిల్లీమీటరు లోపు ఉంటే అంచు ప్రమాదంలో ఉన్నట్టు లెక్క.

కీమో గానీ కరెంటు గానీ మొదలుపెట్టకముందే ఈ ఎంఆర్ఐ అయిపోవాలి. గడ్డ కరిగాక తీసిన బొమ్మలో మొదట అది ఎక్కడిదాకా ఉండేదో ఎవరూ చెప్పలేరు. మొలలనుకుని నెలల తరబడి పైపూతలు రాసుకుని వచ్చినవారు మన దగ్గర ఎక్కువ కాబట్టి, వచ్చాక వెంటనే కీమో ఎక్కించేయాలన్న ఆత్రం కూడా ఎక్కువే. స్కాన్ కోసం రెండు రోజులు ఆగడం వల్ల మునిగిపోయేదేమీ లేదు.

కరెంటు పెడితే మలద్వారం నిలుస్తుందా? బ్యాగు తప్పుతుందా?

బ్యాగు రెండు రకాలు. కుట్టిన పేగు అతుక్కునేదాకా కొన్ని నెలలు పెట్టేది తాత్కాలికం. మలద్వారపు కండరమే తీసేయాల్సి వస్తే పెట్టేది శాశ్వతం. గడ్డ కండరంలోకే పాకి ఉంటే కరెంటు పెట్టినంత మాత్రాన శాశ్వత బ్యాగు తప్పుతుందని మాటివ్వలేం, పోలండ్ పరీక్ష చెప్పింది ఇదే.

ఇంకో సంగతి ఇంట్లో ఎవరూ ముందుగా చెప్పరు. మలద్వారం నిలిచినా పాత జీవితం యథాతథంగా రాదు. రోజుకు ఆరేడుసార్లు వెళ్లాల్సి రావడం, ఒకసారి వెళ్లొచ్చాక పావుగంటకే మళ్లీ వెళ్లాలనిపించడం, ఆపుకోలేకపోవడం ఉంటాయి. దీన్ని లార్స్ అంటారు. కరెంటు దీన్ని పెంచుతుంది. నెదర్లాండ్స్ రోగులను ఏళ్ల తర్వాత అడిగితే ఆపుకోలేని ఇబ్బంది కరెంటు పెట్టినవారిలో 62 శాతం, పెట్టనివారిలో 38 శాతం ఉందన్నారు. బాగా కింద అతికించిన పేగుతో బాత్‌రూమ్ చుట్టూ తిరగడం కన్నా చక్కగా అమరిన బ్యాగుతో పొలం పనికి, పెళ్లిళ్లకు వెళ్లొచ్చేవారు సుఖంగా ఉన్నారంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

గడ్డ పూర్తిగా కరిగిపోతే ఆపరేషన్ మానేయొచ్చా?

కొందరిలో మానేయొచ్చు. బ్రెజిల్ సర్జన్ ఏంజెలిటా హబర్-గామా 2004లో ఈ మాట అచ్చులో పెట్టినప్పుడు తోటి సర్జన్లు చాలామంది ఒప్పుకోలేదు. ఇప్పుడు దాన్ని వాచ్ అండ్ వెయిట్ అంటున్నారు, ప్రపంచమంతా చేస్తున్నారు. అమెరికాలో 324 మందితో జరిగిన ఓప్రా పరీక్షలో లాంగ్ కోర్సు, కీమో రెండూ ఇచ్చారు. ముందు కరెంటు, తర్వాత కీమో తీసుకున్నవారిలో మూడేళ్లకు 53 శాతం మంది ఆపరేషన్ లేకుండా ఉన్నారు. వరస మార్చి ముందు కీమో ఇచ్చినవారిలో 41 శాతమే. ఆపరేషన్ తప్పించుకోవడమే లక్ష్యమైతే కరెంటు ముందు, కీమో వెనక అన్న వరసకు మొగ్గు అందుకే.

కానీ దీనికి షరతులున్నాయి, అవి కఠినమైనవి. కరిగిందో లేదో వేలి పరీక్ష, ఎండోస్కోపీ, ఎంఆర్ఐ మూడూ కలిపి చూసి చెప్పాలి. మచ్చ తెల్లగా, మెత్తగా, నునుపుగా ఉండాలి. వివిధ దేశాల నుంచి 880 మంది వివరాలు కూడగట్టి చూస్తే రెండేళ్లలో నూటికి పాతికమందిలో గడ్డ మళ్లీ మొలిచింది, దాదాపు అన్నీ పేగు గోడలోనే. పేగు గోడలోనే మొలిచింది కాబట్టి సమయానికి పట్టుకుంటే అప్పుడైనా ఆపరేషన్‌తో తీసేయొచ్చు. పట్టుకోవాలంటే మొదటి రెండేళ్లు మూడు నాలుగు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి.

మన దగ్గర సమస్య అక్కడే. కరిగిపోయిందన్న మాట విని ఇంటికెళ్లి, నొప్పి లేదు కదా అని ఏడాదిన్నర రానివారికి వాచ్ అండ్ వెయిట్ అన్న పేరు తగదు. క్రమం తప్పకుండా రాగలననుకుంటేనే ఒప్పుకోండి. రాలేని దూరంలో ఉంటే ఆపరేషన్ చేయించుకోవడమే నయం.

అసలు కరెంటే లేకుండా కుదరదా?

కుదిరేవారున్నారు. అమెరికాలో 1,100 మందికి పైగా పాల్గొన్న ప్రాస్పెక్ట్ పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. మరీ కింద లేని, అంచుకు దూరంగా ఉన్న గడ్డలకు ముందు ఫాల్‌ఫాక్స్ కీమో ఇచ్చి, సరిగా తగ్గనివారికి మాత్రమే కరెంటు పెట్టారు. ఐదేళ్లకు జబ్బు లేకుండా ఉన్నవారు ఇక్కడ 80.8 శాతం, అందరికీ కరెంటు పెట్టిన గుంపులో 78.6 శాతం. కీమో గుంపులో ఆపరేషన్‌కు ముందు కరెంటు పెట్టాల్సి వచ్చింది నూటికి తొమ్మిది మందికే. పిల్లలు కావాలనుకునే చిన్న వయసువారికి ఇది పెద్ద వరం. టీ4 గడ్డలకు ఇది వర్తించదు.

ఎంఎస్ఐ పరీక్ష చేయించమంటున్నారు, ఎందుకు?

తప్పకుండా చేయించండి, అదీ చికిత్స మొదలుకాకముందే. బయాప్సీ ముక్క మీదే చేస్తారు. నూటికి ఐదు నుంచి పది గడ్డల్లో డీఎన్ఏ మరమ్మతు ప్రోటీన్లు లోపించి ఉంటాయి, ఈ పరీక్ష పట్టిచ్చేది దాన్నే. అలాంటి గడ్డలు ఇమ్యూనోథెరపీకి, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందులకు, అద్భుతంగా లొంగుతాయి. 2022లో న్యూయార్క్ వైద్యులు డోస్టార్లిమాబ్ అనే మందును ఆరు నెలలు ఇచ్చి చూస్తే, పూర్తి చేసిన మొదటి పన్నెండు మందిలోనూ గడ్డ మాయమైంది. కరెంటు లేదు, ఆపరేషన్ లేదు. ఇలాంటి మందుల ధర చాలా ఎక్కువ, అది నిజమే. అయినా మన గడ్డ ఆ కోవలోదని తెలిసుండటం వేరు, తెలియకుండానే కరెంటు పెట్టేయడం వేరు.

కరెంటు పెట్టే గదిలో ఏం జరుగుతుంది?

మొదట సిమ్యులేషన్ అని ఒక సీటీ స్కాన్ తీస్తారు. మూత్రం పోసుకోకుండా, చెప్పినన్ని నీళ్లు తాగి, నిండు బ్లాడర్‌తో పడుకోమంటారు. బ్లాడర్ నిండితే చిన్నపేగును పైకి నెడుతుంది, దాని మీద కరెంటు తక్కువ పడుతుంది. తుంటికి రెండు పక్కలా, పొత్తికడుపు మీద సూదిమొనంత చుక్కలు పచ్చబొట్టు పొడుస్తారు. రోజూ గదిలోని ఎర్ర లేజర్ గీతలు ఆ చుక్కల మీద పడేలా టెక్నీషియన్లు మనిషిని అటూ ఇటూ సర్ది బయటికి వెళ్లిపోతారు. యంత్రం చుట్టూ తిరుగుతుంది, గుయ్యిమన్న చప్పుడు తప్ప ఏమీ తెలియదు. వేడి, షాకు, నొప్పి ఏవీ ఉండవు. పది పదిహేను నిమిషాల్లో లేచి వచ్చేస్తారు. ఒంట్లో కరెంటు మిగిలి ఉండదు, చంటిపిల్లల్ని ఎత్తుకోవచ్చు.

ఐఎంఆర్‌టీ, ప్రోటాన్ అంటున్నారు. వేలు, లక్షలు తేడా. కావాలా?

ఐఎంఆర్‌టీ అంటే గడ్డ ఆకారానికి తగ్గట్టు కరెంటును మలిచే పద్ధతి. దానితో చిన్నపేగు మీద పడే మోతాదు తగ్గుతుంది, అందుబాటులో ఉంటే మంచిదే. మామూలు 3డీ పద్ధతితోనూ పని బాగానే జరుగుతుంది, పైన చెప్పిన పరీక్షలు చాలావరకు ఆ రోజులవే. ఎక్స్-రేలకు బదులు ప్రోటాన్ కణాలతో పెట్టే కరెంటు కోసం చెన్నై దాకా వెళ్లాల్సిన పని ఈ జబ్బుకు సాధారణంగా లేదు.

ఇబ్బందులు ఎలా ఉంటాయి?

లాంగ్ కోర్సులో రెండో మూడో వారం నుంచి విరేచనాలు, జిగురు, మలద్వారం దగ్గర మంట, మూత్రంలో మంట, నీరసం. చివరి వారంలో ఎక్కువై, అయిపోయాక రెండు మూడు వారాలకు తగ్గుతాయి. షార్ట్ కోర్సులో ఆ ఐదు రోజులు ఏమీ అనిపించదు, తర్వాతే తెలుస్తుంది.

కేపసైటబిన్ మాత్రలు అన్నం తిన్న అరగంటలోపు వేసుకోవాలి. అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి పొట్టు లేస్తే చెప్పండి, మోతాదు తగ్గిస్తారు. ఛాతీలో నొప్పి వస్తే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి రండి. వార్ఫరిన్ గానీ, ఫిట్స్‌కు ఫెనిటాయిన్ గానీ వాడుతుంటే మొదటిరోజే చెప్పాలి, వాటితో దీనికి పడదు.

తిండి విషయంలో పెద్ద పథ్యాలేమీ లేవు. విరేచనాలున్న రోజుల్లో పచ్చి కూరలు, పాలు, పచ్చిమిరప తగ్గించి పెరుగన్నం, ఇడ్లీ, అరటిపండుతో గడపొచ్చు.

మాకు ఇంకా పిల్లలు లేరు.

ఈ మాట డాక్టరు అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పండి. రెండు కోర్సుల్లో దేనివల్లనైనా ఆడవారిలో అండాశయాలు ఆగిపోతాయి, నెలసరి నిలిచిపోతుంది, గర్భసంచి కూడా బిడ్డను మోసే స్థితిలో ఉండకపోవచ్చు. మగవారిలో వీర్యకణాలు దెబ్బతింటాయి. వీర్యం దాచుకోవడానికి ఒకటి రెండు రోజులు చాలు. అండాలు దాచుకోవడానికి రెండు వారాల దాకా పడుతుంది. అండాశయాలను చిన్న కీహోల్ ఆపరేషన్‌తో కరెంటు పడని చోటికి జరిపి కుట్టే మార్గమూ ఉంది. పెళ్లికాని అమ్మాయి ఎదుట ఈ విషయం ఎత్తడానికి పెద్దలు మొహమాటపడతారు. మొహమాటానికి ఇది సమయం కాదు.

మా అమ్మకు పదేళ్ల కిందట గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌కు కరెంటు పెట్టారు. ఇప్పుడు రెక్టమ్ అంటున్నారు.

అప్పుడు కరెంటు పడింది దాదాపు ఇదే చోట. మళ్లీ పూర్తి మోతాదు పెట్టడం సాధారణంగా కుదరదు. పాత కరెంటు వివరాల కాగితాలు ఎలాగైనా సంపాదించండి. వాటిని చూసి తక్కువ మోతాదు పెట్టగలరో, కీమో ఇచ్చి నేరుగా ఆపరేషన్‌కు వెళ్లాలో తేలుస్తారు.

నాన్నకు ఎనభై. ఆయనకు ఏది?

ఎక్కువసార్లు షార్ట్ కోర్సు. ఐదు ప్రయాణాలతో అయిపోతుంది, మాత్రల బాధ లేదు, ఆపైన ఒంట్లో ఓపికను బట్టి ఆపరేషన్ నిర్ణయించుకోవచ్చు.

ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా? రోజూ రాలేం, ఊరు దూరం.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద కరెంటు, కీమో, ఆపరేషన్లకు ప్యాకేజీలున్నాయి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, విశాఖలో హోమీ భాభా లాంటి ఆసుపత్రులున్నాయి. ఆసిఫాబాద్ నుంచో పాడేరు నుంచో వచ్చేవారికి అసలు ఖర్చు యంత్రం దగ్గర కాదు, ఐదారు వారాలు ఊళ్లో గది అద్దె, తోడు వచ్చినవారి కూలి నష్టం. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ప్రపంచంలో చాలాచోట్ల షార్ట్ కోర్సు వైపు మళ్లారు, ఆ అనుభవం మనకు పనికొస్తుంది. రెండూ సరిపోయే గడ్డ అయితే దూరాన్ని, డబ్బును కారణంగా చూపి షార్ట్ కోర్సు అడగడం తక్కువ వైద్యం అడిగినట్టు కాదు. అంచు ప్రమాదంలో ఉంటే మాత్రం అప్పోసప్పో చేసి డాక్టరు చెప్పిన కోర్సు పూర్తి చేయండి.

లాంగ్ కోర్సు మొదలుపెట్టి పండక్కి పది రోజులు ఊరెళ్లి రావడం మహా చెడ్డ పని. కరెంటుకు విరామం ఇస్తే గడ్డ కణాలు కోలుకుంటాయి.

అమెరికాలో మా అబ్బాయి లాంగ్ కోర్సే మంచిదంటున్నాడు. స్వీడన్‌లో ఉన్న మేనల్లుడు ఐదు రోజులంటున్నాడు.

ఇద్దరూ తమ చుట్టూ చూసింది చెబుతున్నారు. ఉత్తర ఐరోపాలో షార్ట్ కోర్సు ముప్పై ఏళ్లుగా అలవాటు, అమెరికాలో లాంగ్ కోర్సు అలవాటు. మన దేశంలో ఇంకో తేడా ఉంది. ముంబైలోని టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి లాంటి చోట్ల వైద్యులు గమనించిందేమిటంటే, మన రోగుల్లో చిన్న వయసువారు, సిగ్నెట్ రింగ్ రకం గడ్డలు పాశ్చాత్య దేశాల కన్నా ఎక్కువ. ఈ రకం కరెంటుకు అంతగా లొంగదు, త్వరగా పాకుతుంది. బయాప్సీలో ఆ రెండు పదాలు కనిపిస్తే పై పరీక్షల అంకెలను మక్కీకి మక్కీ మనకు అన్వయించుకోవద్దు.

రెండో అభిప్రాయానికి వెళ్తే ఏం పట్టుకెళ్లాలి?

ఎంఆర్ఐ రిపోర్టు ఒక్కటే కాదు, సీడీ లేదా పెన్‌డ్రైవ్‌లో బొమ్మలు. బయాప్సీ రిపోర్టుతో పాటు బ్లాకులు, స్లైడ్లు, అవి అడిగితే ఇవ్వాల్సిందే. ఛాతీ, కడుపు సీటీ. సీఈఏ రక్తపరీక్ష. కొలనోస్కోపీ రిపోర్టు, అందులో గడ్డ మలద్వారం నుంచి ఎంత దూరమో రాసి ఉండాలి. వాడుతున్న మందుల చీటీ. సర్జన్, రేడియేషన్ డాక్టర్, కీమో డాక్టర్ ముగ్గురూ కలిసి కూర్చుని చూసే ట్యూమర్ బోర్డు ఉన్న చోటికి వెళ్లండి, ఆ రోజు మీ ఫైలు బోర్డు ముందుకు వస్తుందో లేదో ముందే కనుక్కోండి.